లండన్–సిడ్నీ ప్రయాణం: ఏ దారిలో ఎంతసేపు, ఎవరికి ఏది నప్పుతుంది

రెండు ఎయిర్‌పోర్టుల పేర్లు కొడితే చాలు, మధ్య దూరం ఎంతో, విమానం ఎన్ని గంటల్లో చేరుతుందో చెప్పే సైట్లు బోలెడున్నాయి. లండన్ హీత్రో, సిడ్నీ అని కొట్టి చూడండి. దూరం దాదాపు 17,020 కిలోమీటర్లు, సమయం 19 గంటలనో 20 గంటలనో వస్తుంది. లెక్కలో తప్పేమీ లేదు. కానీ ఆ ప్రయాణానికి టికెట్ దొరకదు. ఈ రెండు నగరాల మధ్య ఎక్కడా ఆగకుండా ప్రయాణికులను తీసుకెళ్లే రోజువారీ సర్వీసు ఇంకా మొదలు కాలేదు. దారిలో ఎక్కడో ఒకచోట దిగాల్సిందే. సింగపూర్‌లోనా, దుబాయ్‌లోనా, దోహాలోనా, హాంకాంగ్‌లోనా, పెర్త్‌లోనా అన్నది తేల్చుకోవడమే మన పని.

చాలామంది ఇక్కడ దూరం చూసి నిర్ణయం తీసుకుంటారు. "పెర్త్ అంటే ఆస్ట్రేలియాలోనే కదా, అదే దగ్గరి దారి" అనో, "దుబాయ్ మీదుగా అంటే చుట్టు తిరుగుడు" అనో అనుకుంటారు. మ్యాపు చూస్తే అలాగే అనిపిస్తుంది మరి. అందుకే ముందు దూరం సంగతి తేల్చేద్దాం.

సైట్లు చూపించే దూరం భూగోళం మీద రెండు చోట్లను కలిపే అతి దగ్గరి దారి. దాన్ని గ్రేట్ సర్కిల్ అంటారు. గోడ మీద మ్యాపులో లండన్ నుంచి సిడ్నీకి స్కేలు పెట్టి గీత గీస్తే అది అరేబియా మీదుగా, హిందూ మహాసముద్రం మీదుగా పోతుంది. గ్లోబు మీద దారం బిగించి పట్టుకుంటే మాత్రం ఆ దారం బాల్టిక్ సముద్రం వైపు ఎక్కి, రష్యా, మధ్య ఆసియా, చైనా దాటుకుని, ఫిలిప్పీన్స్ వైపుగా దిగి సిడ్నీ చేరుతుంది. హాంకాంగ్ దాదాపు ఆ దారం మీదే ఉంటుంది. లండన్–హాంకాంగ్, హాంకాంగ్–సిడ్నీ దూరాలు రెండూ కలిపితే వచ్చేది కూడా ఇంచుమించు 17,020 కిలోమీటర్లే.

మిగతావి చూడండి. సింగపూర్ మీదుగా అయితే మొత్తం 17,200 కిలోమీటర్ల దగ్గర ఉంటుంది. దుబాయ్ మీదుగా 17,550, దోహా మీదుగా 17,600, పెర్త్ మీదుగా 17,800. అంటే దగ్గరి దారి అనుకున్న పెర్త్ ఈ అయిదింటిలో అన్నిటికంటే దూరం. అయినా మొదటి దానికీ చివరి దానికీ తేడా 800 కిలోమీటర్లు కూడా లేదు. విమానానికి అది గంటలోపు పని. దూరం చూసి పక్కన పెట్టేయదగ్గది ఒక్కటే, అమెరికా వైపు నుంచి వెళ్లడం. లాస్ ఏంజెలెస్ మీదుగా అయితే 20,800 కిలోమీటర్లు. పైగా అక్కడ విమానం మారడానికి మాత్రమే దిగినా అమెరికా ఇమ్మిగ్రేషన్ దాటాలి, దానికి తగిన వీసా గానీ ముందస్తు అనుమతి గానీ ఉండాలి. అటువైపు చూడాలన్న కోరికేదైనా ఉంటే తప్ప ఆ దారి వద్దు.

ఇంకో చిన్న జాగ్రత్త. ఒక సైటు 17,020 అంటుంది, మరొకటి 10,575 అంటుంది, ఇంకొకటి 9,190 అంటుంది. మూడూ ఒకటే. మొదటిది కిలోమీటర్లు, రెండోది మామూలు మైళ్లు, మూడోది విమానాలవాళ్లు వాడే నాటికల్ మైళ్లు. నాటికల్ మైలు అంటే 1.852 కిలోమీటర్లు. సైట్లను పోల్చేటప్పుడు అంకె పక్కన ఏముందో చూసుకోండి.

ఇక సమయం. సైటు చెప్పే గంటలు చాలావరకు దూరాన్ని గంటకు 850 లేదా 900 కిలోమీటర్లతో భాగించి, ఎక్కడానికీ దిగడానికీ ఓ అరగంట కలిపినవి. అందులో గాలి లెక్క ఉండదు. దూరప్రయాణంలో గాలిది పెద్ద పాత్ర. భూమికి సుమారు 9 నుంచి 12 కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ అనే గాలి ప్రవాహం బలంగా వీస్తుంది. విమానాలు తిరిగేదీ ఆ ఎత్తులోనే. గాలివాటున పోతే త్వరగా చేరతాం, ఎదురుగాలిలో పోతే ఆలస్యమవుతుంది. 2020 ఫిబ్రవరిలో తుఫాను గాలి తోడై ఒక బోయింగ్ 747 న్యూయార్క్ నుంచి లండన్‌కి 4 గంటల 56 నిమిషాల్లో వచ్చేసింది. ఆ దారిలో మామూలుగా ఆరు గంటలు దాటుతుంది. అంత దూరం ఎందుకు, పెర్త్ నుంచి సిడ్నీకి నాలుగు గంటలు పట్టే విమానం సిడ్నీ నుంచి పెర్త్‌కి తిరిగి వెళ్లడానికి అయిదు గంటలు తీసుకుంటుంది. దూరం మాత్రం రెండు వైపులా 3,280 కిలోమీటర్లే.

గాలి ఎంత పని చేస్తుందో చెప్పడానికి లండన్–పెర్త్ సర్వీసుని మించిన ఉదాహరణ లేదు. 14,500 కిలోమీటర్ల ఆ దారిలో ఆస్ట్రేలియా విమాన సంస్థ క్వాంటస్ 2018 మార్చిలో బోయింగ్ 787తో నాన్‌స్టాప్ మొదలుపెట్టింది. లండన్ నుంచి పెర్త్‌కి 16 గంటల ముప్పావు, పెర్త్ నుంచి లండన్‌కి 17 గంటల పైన. 2024 ఏప్రిల్‌లో ఇరాన్ గగనతలాన్ని తప్పించుకుని చుట్టు తిరగాల్సి వచ్చినప్పుడు, పెర్త్ నుంచి లండన్ వెళ్లే విమానం సింగపూర్‌లో దిగి ఇంధనం నింపుకుని బయల్దేరింది. లండన్ నుంచి పెర్త్ వచ్చే విమానం మాత్రం వెనకగాలి తోడుండడంతో ఆగకుండానే నడిచింది. విమానం అదే, నగరాలూ అవే.

గగనతలం సంగతి వచ్చింది కాబట్టి అదీ చూసుకోవాలి. 2022 ఫిబ్రవరి నుంచి బ్రిటన్, యూరప్ విమానాలు రష్యా మీదుగా వెళ్లడం లేదు. హాంకాంగ్ దారిలో కాగితం మీద కనిపించే ఆదా చాలావరకు అక్కడే పోయింది. చైనా సంస్థలు ఇప్పటికీ రష్యా మీదుగానే వెళ్తాయి కాబట్టి లండన్ నుంచి చైనా నగరాలకు వాళ్లకు తక్కువ టైమ్ పడుతుంది. దుబాయ్, దోహాల మీదుగా పోయే గల్ఫ్ దారికి వేరే ఇబ్బంది. 2025 జూన్ 23న ఖతార్ తన గగనతలాన్ని కొన్ని గంటలపాటు మూసేసింది. దోహా వైపు వస్తున్న విమానాలు దారి మళ్లాయి, కనెక్షన్లు చెల్లాచెదురయ్యాయి. ఆ ప్రాంతంలో ఉద్రిక్తత ఉన్న రోజుల్లో గల్ఫ్ టికెట్ కొనేముందు ఒకసారి ఆలోచించాలి. ఇది భయపెట్టడానికి చెప్పడం లేదు. పెళ్లికో, పరీక్షకో ఫలానా రోజుకి కచ్చితంగా చేరాల్సినవాళ్లకి ఒక రోజు తేడా వచ్చినా చాలా పెద్ద దెబ్బ.

ఇప్పుడు అసలైన పోలికకి వద్దాం. లండన్ నుంచి సింగపూర్ 13 గంటల పైన, అక్కడి నుంచి సిడ్నీ ఎనిమిది గంటల లోపు. దుబాయ్ అయితే ఏడు గంటలు, తర్వాత దాదాపు 14 గంటలు. దోహా కూడా ఇంచుమించు అంతే. పెర్త్ అయితే పదిహేడు గంటలకు కాస్త తక్కువ, తర్వాత నాలుగు. మధ్యలో రెండు, రెండున్నర గంటలు ఆగడం కలుపుకుంటే అన్నీ 22 నుంచి 24 గంటల మధ్యే తేలతాయి. పెర్త్ దారిలో ఒక పొడవైన నాన్‌స్టాప్ ఉన్నంత మాత్రాన సిడ్నీకి ముందుగా చేరడం జరగదు. ఆస్ట్రేలియాలో మొదట అడుగుపెట్టే చోటే ఇమ్మిగ్రేషన్, కస్టమ్స్ అవుతాయి. అంటే పెర్త్‌లో దిగి, పాస్‌పోర్టు చూపించి, బెల్టు మీద నుంచి సూట్‌కేసులు తీసుకుని, తినే వస్తువులేమున్నాయో డిక్లేర్ చేసి, మళ్లీ లగేజీ అప్పగించి, దేశీయ విమానం ఎక్కాలి. పదిహేడు గంటలకు దగ్గరగా కూర్చుని దిగిన మనిషికి ఆ పని బరువుగానే ఉంటుంది. సింగపూర్‌లోనో దుబాయ్‌లోనో అయితే, ఒకే టికెట్ మీద ఉన్నంతవరకు, లగేజీ సంగతి మీకు పట్టదు. సెక్యూరిటీ చెక్ దాటి తర్వాతి గేటుకి నడవడమే.

కాబట్టి నేనైతే గంటలు కూడడం ఆపేసి, నిద్ర ఎక్కడ పడుతుందో చూస్తాను. ఒక ఉదాహరణ గడియారంతో సహా చూద్దాం. జనవరిలో శుక్రవారం రాత్రి 8:30కి లండన్‌లో ఎక్కారు. 13 గంటల పావు తర్వాత సింగపూర్‌లో దిగేసరికి లండన్‌లో శనివారం ఉదయం 9:45, సింగపూర్‌లో సాయంత్రం 5:45. రెండుంపావు గంటలు అక్కడ. రాత్రి 8 గంటలకి మళ్లీ ఎక్కి, ఏడుముప్పావు గంటలు ఎగిరితే సిడ్నీలో ఆదివారం ఉదయం 6:45. శుక్రవారం బయల్దేరి ఆదివారం చేరారు కాబట్టి రెండు రోజుల ప్రయాణం అనిపిస్తుంది. నిజానికి జరిగింది 23 గంటల పావు. మిగతా 11 గంటలు టైమ్ జోన్ తేడా. ఈ దారిలో రెండు సెగ్మెంట్లూ, అంటే రెండు విడతల ప్రయాణమూ, రాత్రిపూటే పడ్డాయి. విమానంలో కాస్తో కూస్తో కునుకు తీయగలవాళ్లకి ఇది హాయి. తీయలేనివాళ్లు వరసగా రెండు రాత్రులు జాగారం చేసి ఉదయం ఏడింటికి సిడ్నీలో దిగుతారు. హోటల్ గది మధ్యాహ్నం దాకా చేతికి రాకపోవచ్చు. అది నరకం.

ఇదే రోజుల్లో ఉదయం 9 గంటలకి లండన్‌లో ఎక్కి దుబాయ్ మీదుగా వెళ్లారనుకోండి. ఏడు గంటల పగటి ప్రయాణం, దుబాయ్‌లో రాత్రి 8. రెండు గంటలు ఆగి పదింటికి ఎక్కితే, సరిగ్గా నిద్రవేళకి పొడవైన సెగ్మెంటు మొదలవుతుంది. 13 గంటల ముప్పావు తర్వాత సిడ్నీలో మరుసటి రోజు సాయంత్రం 6:45. ఇంటికి చేరి, ఓ ముద్ద తిని, అక్కడి జనంతో పాటే పడుకోవచ్చు. విమానంలో సరిగా నిద్రపట్టని వాళ్లకి ఇలాంటి టైమింగ్ దొరికితే నేను కళ్లుమూసుకుని ఇదే చెబుతాను. మొత్తం 22 గంటల ముప్పావు. సింగపూర్ దారికంటే అరగంట తక్కువే, కానీ మనం దీన్ని ఎంచుకునేది ఆ అరగంట కోసం కాదు. జెట్‌లాగ్‌లో, అంటే కొత్త చోటి గడియారానికి ఒళ్లు అలవాటుపడేదాకా ఉండే తికమకలో, తూర్పు వైపు ప్రయాణానికి శరీరం రోజుకి సుమారు ఒక గంట చొప్పున సర్దుకుంటుందని ఒక మోటు లెక్క ఉంది. 11 గంటల తేడా ఉన్నచోట మొదటి రాత్రి నిద్ర దొరకడం చిన్న విషయం కాదు.

గల్ఫ్ దారిలో టైమింగ్ తేడా కొడితే మాత్రం కష్టమే. లండన్‌లో మధ్యాహ్నం రెండింటికి ఎక్కితే దుబాయ్‌లో దిగేసరికి రాత్రి ఒంటిగంట. అర్ధరాత్రి నుంచి తెల్లవారేదాకా ఆ ఎయిర్‌పోర్టులో రద్దీ తగ్గదు. సెక్యూరిటీ లైను, టెర్మినల్ మారడానికి రైలు, నిద్రమత్తులో ఉన్న పిల్లల్ని ఎత్తుకుని నడక. టికెట్ కొనే స్క్రీన్ మీద "1 స్టాప్, 2 గంటల 10 నిమిషాలు" అని మాత్రమే కనిపిస్తుంది. దాని మీద నొక్కి, ఆ స్టాప్ స్థానిక సమయంలో ఎప్పుడు పడుతుందో తప్పకుండా చూడండి.

టైమ్ జోన్ తేడా ఏడాది పొడవునా 11 గంటలే ఉండదు. అక్టోబరు చివరి నుంచి మార్చి చివరి దాకా 11. ఏప్రిల్ మొదటి ఆదివారం తర్వాత అక్టోబరు మొదటి ఆదివారం దాకా 9. మధ్యలో మార్చి చివర, అక్టోబరులో కొన్ని వారాలు 10. రెండు దేశాలూ గడియారాలను వేర్వేరు తేదీల్లో, ఎదురెదురుగా జరుపుకోవడం వల్ల వచ్చే చిక్కు ఇది. ఆ వారాల్లో ప్రయాణం ఉంటే ఎవరినైనా ఎయిర్‌పోర్టుకి రమ్మనే ముందు లెక్క మళ్లీ చూసుకోండి.

తిరుగు ప్రయాణంలో కథ వేరు. సిడ్నీలో శుక్రవారం సాయంత్రం 4 గంటలకి ఎక్కి, 24 గంటల తర్వాత దిగితే లండన్‌లో శనివారం ఉదయం 5. టికెట్ మీద 13 గంటల ప్రయాణంలా కనిపిస్తుంది. ఎదురుగాలి వల్ల నిజంగా పట్టేది వెళ్లినప్పటికంటే ఎక్కువే. సిడ్నీ ఎయిర్‌పోర్టుకి రాత్రి 11 నుంచి ఉదయం 6 దాకా కర్ఫ్యూ ఉంది, హీత్రోలో రాత్రిపూట విమానాల సంఖ్య మీద పరిమితి ఉంది. ఈ దారిలో బయల్దేరే వేళలు, చేరే వేళలు అన్ని సంస్థలవీ ఒకేలా కనిపించడానికి సగం కారణం ఇదే. రాత్రి పదిన్నరకి సిడ్నీలో బయల్దేరే విమానం ఆలస్యమైతే కర్ఫ్యూలో ఇరుక్కుని ఉదయం దాకా ఆగిపోయే ప్రమాదముంది. సాయంత్రం విమానం దొరికితే అదే తీసుకోండి.

పెద్దవాళ్లను పంపించేవాళ్లు నన్ను తరచుగా అడిగేది, "స్టాపులు తక్కువ ఉంటే మంచిది కదా" అని. అన్నిసార్లూ కాదు. కదలకుండా కూర్చోవడమే వాళ్లకి అసలు శత్రువు. నాలుగు గంటలు దాటిన ప్రయాణాల్లో కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు సుమారు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో చెప్పింది. ఆ ముప్పు మామూలుగా చాలా తక్కువే, కానీ ముందే ఆ సమస్య ఉన్నవాళ్లు, ఈమధ్య ఆపరేషన్ అయినవాళ్లు డాక్టరుని అడిగే బయల్దేరాలి. అమ్మానాన్నల విషయంలో నా ఓటు సింగపూర్‌కే. మధ్యలో లేచి నడుస్తారు, లగేజీ మోయక్కర్లేదు, అక్కడి చాంగీ ఎయిర్‌పోర్టులో మూడు ప్రధాన టెర్మినళ్ల మధ్య లోపలే రైలుంది. మోకాళ్ల నొప్పులుంటే వీల్‌చైర్ 48 గంటల ముందే ఎయిర్‌లైన్‌కి చెప్పి పెట్టండి. లేఓవర్, అంటే మధ్యలో ఆగే సమయం, మూడు గంటలకు తగ్గకుండా ఉంచండి, ఎనిమిది దాటితే టెర్మినల్ లోపలే ఉన్న ట్రాన్సిట్ హోటల్ చూడండి. చాంగీలోనూ, దుబాయ్, దోహాల్లోనూ అవి ఉన్నాయి. చిన్నపిల్లలతో వెళ్లేవాళ్లకీ ఇంతే.

భాష రాదని, ఎయిర్‌పోర్టులో తప్పిపోతామని టెన్షన్ పడే పెద్దవాళ్లకి ఒకే నంబరు ఉన్న విమానం వెతకండి. క్వాంటస్ సిడ్నీ–లండన్ విమానం సింగపూర్‌లో ఆగి అదే నంబరుతో ముందుకు వెళ్తుంది. అందరూ దిగి, అందరూ మళ్లీ ఎక్కుతారు. పక్కవాళ్ల వెంట నడిస్తే చాలు.

విమానం రకం కూడా చూడదగ్గదే. బోయింగ్ 787, ఎయిర్‌బస్ ఎ350ల్లో క్యాబిన్ లోపలి గాలి ఒత్తిడి సుమారు 6,000 అడుగుల ఎత్తులో ఉన్నట్టుంటుంది, పాత తరం విమానాల్లో అది 8,000 అడుగుల దాకా పోతుంది. పద్నాలుగు గంటల సెగ్మెంటులో ఆ తేడా తలనొప్పిలో తెలుస్తుంది.

రెండు వేర్వేరు టికెట్లు కలిపి చవకగా కుదిరిందని మురిసిపోయేవాళ్లకి ఒక మాట. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పితే రెండో సంస్థకి సంబంధం లేదు, కొత్త టికెట్ మీ జేబులోంచే. సింగపూర్‌లో లగేజీ తీసుకుని మళ్లీ ఇవ్వాలంటే ఇమ్మిగ్రేషన్ దాటాలి, భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు దానికి అక్కడి ప్రవేశ నిబంధనలు చూసుకోవాలి. ఒకే బుకింగ్ అయితే ఎయిర్‌లైనే తర్వాతి విమానంలో పంపాలి. పైగా బ్రిటన్ నుంచి బయల్దేరే ప్రయాణానికి, సంస్థ ఏ దేశానిదైనా, బ్రిటన్ చట్టం వర్తిస్తుంది. సంస్థ తప్పిదం వల్ల గమ్యానికి నాలుగు గంటలకు మించి ఆలస్యంగా చేరితే ఇంత దూరానికి 520 పౌండ్ల పరిహారం అడగొచ్చు. వాతావరణం, గగనతలం మూసివేత లాంటివాటికి రాదు. సిడ్నీ నుంచి లండన్ వచ్చేటప్పుడు మాత్రం బ్రిటన్ లేదా యూరప్ సంస్థ విమానమైతేనే ఈ హక్కు.

ఇక నాన్‌స్టాప్ కోసం ఆగాలా? విమానం అంత దూరం ఎగరగలదని ఎప్పుడో తేలింది. 1989 ఆగస్టులో క్వాంటస్ కొత్త 747–400ని ప్రయాణికుల టికెట్లు అమ్మకుండా లండన్ నుంచి సిడ్నీకి 20 గంటల 9 నిమిషాల్లో తీసుకొచ్చారు. 2019 నవంబరులో ఒక 787 యాభై మందితో 19 గంటల 19 నిమిషాల్లో వచ్చింది. అప్పుడు అది ఎగిరింది 17,800 కిలోమీటర్లు, 17,020 కాదు. నిండా జనాన్ని ఎక్కించుకుని అంత ఇంధనం మోయడమే ఇన్నాళ్లూ కుదరలేదు. ఇప్పుడు క్వాంటస్ అదనంగా 20,000 లీటర్ల ట్యాంకు పెట్టించి ఎ350–1000 విమానాలు తయారుచేయిస్తోంది. వాటిలో 238 సీట్లే ఉంటాయి, 2027లో సర్వీసులు మొదలుపెడతామంటోంది. ఒక స్టాప్ ప్రయాణంతో పోలిస్తే నాలుగు గంటల దాకా ఆదా అని వాళ్ల మాట. సీట్లు తక్కువ కాబట్టి టికెట్ ధర ఎక్కువే ఉంటుందని నా అంచనా. పని మీద వెళ్లి మర్నాడే మీటింగులో కూర్చోవాల్సినవాళ్లకి ఆ నాలుగు గంటలు విలువైనవి. మిగతావాళ్లు ఈలోగా కొనదలచుకున్న విమానం నంబరు ఏదైనా ట్రాకింగ్ సైటులో కొట్టి, గత రెండు వారాల్లో అది నిజంగా ఎన్నింటికి దిగిందో చూడండి. లేఓవర్ ఎంత పెట్టుకోవాలో ఆ పట్టికే చెబుతుంది.